తిరిగి రాని పాలక్యాను కోసం ఎల్‌బీ నగర్

ఎల్‌బీ నగర్ చూడ్డానికి ఎవరైనా వెళ్తారా? మా రేపల్లె నుంచి హైదరాబాదు వెళ్ళేవాళ్ళంతా ఎల్‌బీ నగర్ రాగానే నిద్ర లేచి, జుట్టు సవరించుకుని, సీటు కింద చెప్పులు వెతుక్కుంటారు. కొందరు అక్కడే దిగుతారు, దిగిన మరుక్షణం ఇంకెక్కడికో వెళ్ళిపోతారు. చార్మినార్ దగ్గరా గోల్కొండ దగ్గరా దిగిన ఫొటోలు తెచ్చి చూపించినవాళ్ళు మా వీధిలోనే బోలెడుమంది ఉన్నారు గానీ, ఎల్‌బీ నగర్ చూసొచ్చామని చెప్పుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. అలాంటి చోటికి నేను పనిగట్టుకుని వెళ్ళి మూడు రోజులుండి వచ్చాను. "అక్కడ నీకేముంది?" అని మా ఆయన అడిగాడు. "నా పాలక్యాను ఉంది" అన్నాను. ఆ క్యాను సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు.

మా ఊరి బస్టాండులో నాదొక పార్శిల్ కౌంటరు. హైదరాబాదు బస్సుల్లో వెళ్ళే సరుకు ముందు నా బల్లెక్కి, తూకం చూపించుకుని, పేరు రాయించుకుని గానీ కదలదు. ఎండుచేపల బుట్టలు, చీరల మూటలు, పెళ్ళికార్డుల కట్టలు, హాస్టల్లో ఉన్న కూతురు మరిచిపోయి వెళ్ళిన కళ్ళజోడు, ఇలా ఏదైనా రావచ్చు. ఒకాయన బతికున్న పుంజును కాళ్ళు కట్టి తెచ్చాడు. నేను ఒప్పుకోలేదు, పుంజు కూడా ఒప్పుకోలేదు. ఈ సరుకులో సగం ఎల్‌బీ నగర్‌లోనే దిగుతుంది. ఆ పేరు రోజుకెన్నిసార్లు రాస్తానో లెక్కే లేదు, కానీ పెళ్ళయ్యాక అటువైపు అడుగు పెట్టలేదు. కౌంటరు మూస్తే ఎదురుగా ఇంకొకడు తెరుస్తాడన్న భయం ఒకటి, మనిషి వెళ్ళకపోతేనేం పార్శిల్ వెళ్తోంది కదా అన్న బద్ధకం ఇంకొకటి.

ఆ పార్శిల్ యాదమ్మకు. పెళ్ళికి ముందు నేను ఎల్‌బీ నగర్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బిల్టీలు రాసేదాన్ని. ఏ సరుకు ఎవరు ఎవరికి పంపారో చెబుతూ లారీతో పాటు వెళ్ళే రసీదును బిల్టీ అంటారు. పక్క కుర్చీలో యాదమ్మ కూర్చునేది. నల్లగొండ దగ్గర పల్లె నుంచి వచ్చింది. ఇద్దరం కలిసి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గదిలో ఉండేవాళ్ళం. నేను అద్దె అనేదాన్ని, తను కిరాయి అనేది, ఇంటాయన మాత్రం ఇద్దరి దగ్గరా ఒకే మొహం పెట్టేవాడు. నా పెళ్ళి కుదిరి వచ్చేస్తుంటే బస్సు కిటికీలోంచి యాదమ్మ నా ఒళ్ళో ఒక అల్యూమినియం పాలక్యాను పెట్టింది. దాని నిండా బియ్యప్పిండితో చేత్తో చుట్టి వేయించిన సకినాలు.

పక్కింటివాళ్ళు గిన్నెలో ఏదైనా పెట్టి పంపితే ఆ గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మన ఇళ్ళలో పట్టింపు. గుప్పెడు పంచదారో, నాలుగు పచ్చిమిరపకాయలో వేసి ఇస్తాం. నేనూ అలాగే మాగాయ పెట్టి, మూత చుట్టూ గోనెగుడ్డ వేసి దబ్బనంతో కుట్టి పంపాను. తను గరిజెలు, అంటే మా కజ్జికాయలే, పంపింది. నేను తాండ్ర పంపాను. తను నువ్వుల ముద్దలు పంపింది. అలా మా పిల్లలు పుట్టారు, స్కూళ్ళు దాటారు. క్యానుకు సొట్టలు పడ్డాయి, ఒకసారి మూత మార్చాం, ఒకసారి పిడి అతికించాం. దాని రాకపోకలు మాత్రం ఆగలేదు.

ఏడాది కిందట ఆగిపోయాయి. నేను పంపిన క్యాను అక్కడ దిగింది, యాదమ్మ తీసుకుంది, మళ్ళీ రాలేదు. ఫోన్ చేస్తే "డ్యూటీల ఉన్ననే, మల్ల చేస్తా" అంటుంది. ఆ మళ్ళీ అన్నది రానే రాదు. ఏ డ్యూటీ అని అడిగేలోపే పెట్టేస్తుంది. ఆలోచించగా ఆలోచించగా నాకు ఒకటే తోచింది. వాళ్ళాయన ఏటా హనుమంతుడి మాల వేసుకుంటాడు. ఆఖరిసారి నేను పంపింది ఎండురొయ్యల పొడి, అది కూడా సరిగ్గా మాల రోజుల్లో. నియమంగా ఉన్న ఇంట్లోకి నీచు పంపానని నొచ్చుకుందా? ఇన్నేళ్ళ స్నేహం రొయ్యల పొడి దగ్గర తెగిపోతుందా? తెగిపోతే తెగిపోయిందని తన నోటితో చెప్పాలి. అది వినడానికే బయల్దేరాను.

అందరూ దాటిపోయే కూడలి

తెల్లారి దిగేసరికి నా ఎల్‌బీ నగర్ అక్కడ లేదు. పైన ఒక వంతెన, దాని మీద ఇంకొకటి, కింద సొరంగంలాంటి దారి, పక్కన మెట్రో ఆఖరి స్టేషను. మేం బిల్టీలు రాసిన ఆఫీసు ఎక్కడుండేదో అంచనా వేసుకుని నిలబడితే అక్కడ వంతెన స్తంభం ఉంది. అప్పట్లో ముక్కులు ఒకే వైపుకు పెట్టి లారీలు బారులు తీరి ఉండేవి. ఇప్పుడు పగటిపూట పెద్ద లారీలను ఊళ్ళోకి రానివ్వరట. ట్రాన్స్‌పోర్టులన్నీ ఊరి బయటికి పోయాయట.

మారనిది ఒక్కటే, ఆ అరుపులు. "సూర్యాపేట, సూర్యాపేట, కోదాడ!" అని ఒకడు, "విజయవాడ, గుంటూరు, రండమ్మా రండి" అని ఇంకొకడు. టీకొట్టు ముందు నిలబడితే ఈ చెవిలో "ఏందన్నా, ఎట్లున్నవ్", ఆ చెవిలో "ఏవండోయ్, ఎప్పుడొచ్చారు" వినిపిస్తాయి. ఎవరి మాట వాళ్ళదే, టీ మాత్రం అందరిదీ ఒకటే. గ్లాసు పదిహేను రూపాయలు. మా ఊళ్ళో పదికే ఇస్తారు, కానీ ఇంత చిక్కగా ఉండదని ఒప్పుకోవాలి. బిస్కట్ ముంచుకుని తింటుంటే యాదమ్మ గుర్తొచ్చింది. ఒకే బిస్కట్ రెండు ముక్కలు చేసి పెద్దది నాకిచ్చేది. అప్పుడు నేను దాన్ని గమనించినట్టు కూడా చెప్పేదాన్ని కాదు.

టీకొట్టు పక్కనే బస్సుల్లోకి పార్శిళ్ళు ఎక్కించే చోటు. నా సంచి కింద పెట్టి, వాళ్ళ కట్లు ఎలా ఉన్నాయో చూస్తూ నిలబడ్డాను. వృత్తి జబ్బు, మానలేను. ఒక అట్టపెట్టెకు తాడు ఒకే వైపు కట్టారు, దారిలో ఊడిపోవడం ఖాయం. ఆ మాటే హమాలీతో అంటే అతను నవ్వి, పేరు సైదులు అని చెప్పి, నాతో మాటల్లో పడ్డాడు. అప్పటి లారీల సంగతి అడిగాను.

"లోడ్ దించినంక వాపస్ లోడ్ దొరకాలె గదమ్మా. దొరకకపోతే లారీ డ్రైవర్లు దినాలకు దినాలు ఊరి బయట రోడ్డు మీదనే పంటరు. ఉట్టి బండి తోలుకొని పోవుడంటే ఆళ్ళకు నామోషీ."

"డీజిల్ దండగ కదా, నామోషీ ఏముంది?"

"డీజిల్ ఒకటేనా? ఊర్ల అడుగుతరు, ఏం తెచ్చినవని."

నిజమే అనిపించింది. తలతిప్పి చూస్తే నా సంచి లేదు. మా ఊరి పార్శిల్ బస్సు డిక్కీలో, కొబ్బరికాయల బస్తా పక్కన కూర్చుని ఉంది. డ్రైవరు అప్పటికే ఇంజను వేశాడు. నేను వేసిన కేక పైన మెట్రో దాకా వినపడే ఉంటుంది. సైదులు పరుగెత్తి బస్సు నడుం మీద చరిచి ఆపి, సంచి లాగి నా చేతిలో పెట్టాడు.

"గింత మంచిగ తాడు గట్టి, నాలుగు దిక్కుల ఊరి పేరు రాసినంక పార్సల్ అనుకోక ఏమనుకుంటరమ్మా?"

సంచి మీద నా రాతే ఉంది, గుండ్రంగా, పెద్దగా, రేపల్లె అని. ఇంట్లో ఏ సంచి మీదైనా పేరు రాసే అలవాటు నాది. పేరు సరిగ్గా రాస్తే సరుకు ఎక్కడికైనా చేరుతుందని ఊరంతటికీ చెబుతుంటాను. నా మాట మీద నమ్మకం నాకే ఇంకాస్త పెరిగింది.

దిల్‌సుఖ్‌నగర్, పాత గది

మెట్రోలో పట్టుమని పదిమంది మొహాలు చూసేలోపే దిల్‌సుఖ్‌నగర్ వచ్చేసింది. మేమిద్దరం జీతం మిగల్చడానికి నడిచిన దారి అది. మధ్యలో కొత్తపేట పండ్ల మార్కెట్ ఉండేది. వేసవిలో మామిడికాయల లారీలు దిగుతుంటే ఆ గడ్డి వాసన మా గది దాకా వచ్చేది. మార్కెట్టును కూడా ఊరి బయటికి పంపేశారు. మెట్రో కిటికీలోంచి చూస్తూ ఉత్తినే ఒకసారి గట్టిగా గాలి పీల్చాను. ఏసీ వాసన తప్ప ఏమీ లేదు.

మా గల్లీ మాత్రం కనుక్కున్నాను. గోడల నిండా కోచింగ్ సెంటర్ల బోర్డులు, ఉద్యోగాలు వచ్చినవాళ్ళ ఫొటోలు. మేమున్న ఇల్లు ఇప్పుడు లేడీస్ హాస్టల్. నడుపుతున్నావిడ ఒంగోలు వైపు మనిషి. రోజుకు ఆరు వందలకు మంచం ఇస్తానంది, భోజనంతో. మా గదిలోనే కావాలని పట్టుబట్టాను.

"ఏ గదైతే ఏమిటండీ, పడుకునేది ఒక్క రాత్రికేగా?" అందావిడ.

"రెండు రాత్రులు" అన్నాను, అదేదో పెద్ద కారణమైనట్టు.

తలుపు తీసి చూస్తే మా గదిని చెక్కలతో అడ్డుకట్టి రెండు గదులు చేశారు. కిటికీ ఆ గదికి పోయింది, స్విచ్‌బోర్డు ఈ గదికి మిగిలింది. యాదమ్మ మంచం ఉండే చోట ఇప్పుడు చెక్కగోడ. దానికి ఆనుకుని కూర్చున్నాను. ఇక్కడే కదా తను జ్వరంతో పడి ఉంటే నేను పచ్చిపులుసు చేయబోయి చారు కాచాను, తను ఒక్క చుక్క తాగి "గిదేంది, మీ ఊరి సముద్రమా" అంది. నవ్వొచ్చింది. మనిషి ఇదే ఊళ్ళో ఉంది, నేను చెక్కగోడతో మాట్లాడుతున్నాను.

సాయంత్రం బయటికెళ్ళి మిరపకాయ బజ్జీలు తిన్నాను. మా వైపు బజ్జీ చీల్చి ఉల్లిపాయ, నిమ్మరసం పెట్టి ఇస్తారు. ఇక్కడ కడుపులో చింతపండు ముద్ద పెట్టి, ముక్కలు కోసి ఇచ్చారు. ప్లేటు నలభై. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా తిన్నాను, బజ్జీ మీదికి నెట్టేయొచ్చు గనక హాయిగా ఏడ్చాను కూడా.

హాస్టల్ గుమ్మంలో అట్టపెట్టెలు నా కౌంటర్లో కంటే ఎక్కువున్నాయి. ఆడపిల్లలు ఫోనులో ఏదో నొక్కితే చాలు, గంటల్లో దిగిపోతాయట. నా పక్క మంచం పిల్ల ఖమ్మం నుంచి వచ్చి బ్యాంకు పరీక్షకు చదువుతోంది. తను జుట్టు క్లిప్పు తెప్పించుకుని, చూసి, మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

"రంగు నచ్చలేదు ఆంటీ, రిటర్న్ పెట్టేశా."

"దీన్నెవరు తీసుకెళ్తారు?"

"వచ్చి తీసుకెళ్తారు. మళ్ళీ గోడౌన్‌కు పోతుంది."

"పోయాక?"

"ఏమో ఆంటీ, ఎవరో చూసుకుంటారు."

మా రోజుల్లో సరుకు వెనక్కి వచ్చిందంటే ఆఫీసంతా తలకిందులయ్యేది. పంపినవాడు ఎవరు, తీసుకోనివాడు ఎవరు, గొడవేమిటి అని ఆరా తీసేవాళ్ళం. ఇప్పుడు రావడం ఎంత తేలికో తిరిగి వెళ్ళడమూ అంతే తేలిక. నా క్యాను మాత్రం తిరిగి రావడానికి ఇంత కష్టపడుతోంది.

కర్మన్‌ఘాట్‌లో పూలకొట్టు

రెండోరోజు కర్మన్‌ఘాట్ వెళ్ళాను. హనుమంతుడి గుడి పాతది, యాదమ్మ దంపతుల పిండివంటల దుకాణం గుడికి కాస్త దూరంలో ఉండేది. పార్శిల్ మీద ఆ చిరునామా నేను రాసీ రాసీ కళ్ళు మూసుకున్నా వచ్చేస్తుంది. ముందు దేవుడికి దణ్ణం పెట్టుకుని, రొయ్యల పొడి సంగతి మనసులోనే విన్నవించుకున్నాను. తెలిసి చేయలేదు స్వామీ, రొయ్యలు ఆ రోజుకే ఎండాయి.

దుకాణం ఉండాల్సిన చోట ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. రెండు సార్లు ముందుకూ వెనక్కూ నడిచాను. చివరికి పక్కన పూలమ్ముతున్న ఒక పెద్దావిడను అడిగాను.

"యాదమ్మనా? సకినాల యాదమ్మ?" అందావిడ, దారం పంటితో తెంపుతూ. "దుకాణం బందు జేసి ఏడాది పైనాయె బిడ్డ. రోడ్డు పెద్దగ జేసి నడుమ గోడ గట్టిన్రు. అవుతలోళ్ళు ఇవుతలికి ఒస్తలేరు. కిరాయేమో పెరిగె. ఏం జేస్తది?"

"ఇప్పుడెక్కడుంటోంది?"

"బడంగ్‌పేట దిక్కు. గోడౌన్ల పని జేస్తది. ఆన్‌లైన్ల డబ్బలు ఒస్తయి సూడు, గా గోడౌన్. ఆమె మొగడు ట్రాలీ ఆటో నడుపుతుండు." మూర మల్లెలు నా చేతిలో పెట్టి అడిగింది. "నువ్వు ఆమెకేమైతవ్?"

ఏమవుతాను? చుట్టాన్ని కాదు, పక్కింటిదాన్ని కాదు. "క్యానులో మాగాయ పంపేదాన్ని" అన్నాను. ఆవిడ మొహం వెలిగింది.

"నువ్వేనా రేపల్లె సీత! నీ తొక్కు మేమందరం తిన్నం బిడ్డ, ఒక్కొక్క గరిటె పెట్టేది."

పూలకు డబ్బు తీసుకోలేదు. నేను మాత్రం లోపల భగ్గుమన్నాను. దుకాణం మూతపడిన సంగతి పూలావిడకు తెలుసు, గుడి ముందు వాళ్ళందరికీ తెలుసు, నాకు తెలియదు. రొయ్యల పొడి అయితే క్షమాపణ అడిగేదాన్ని. దీనికి ఏమని అడగాలి? కష్టం వస్తే చెప్పుకోవడానికి నేను పనికిరాని దాన్నయ్యానా? ఆ రాత్రి హాస్టల్లో పప్పు, బెండకాయ వేపుడు పెట్టారు. ఎలా ఉన్నాయని అడిగితే చెప్పలేను, రుచి తెలియలేదు.

బడంగ్‌పేట, గోడౌన్ గేటు

షేర్ ఆటోలో ఏడుగురం. నా ఒళ్ళో సంచి, సంచి మీద ఎవరో పిల్లాడి స్కూలు బ్యాగు. ఊరు పల్చబడుతూ, మళ్ళీ కొత్త అపార్టుమెంట్లతో చిక్కబడుతూ, బడంగ్‌పేట వచ్చింది. గోడౌన్ రేకుల షెడ్డు, మా ఊరి రైల్వే స్టేషను దానిలో పట్టేస్తుంది. గేటు దగ్గర గార్డు నన్ను ఆపాడు.

"ఇన్‌బౌండా, అవుట్‌బౌండా?"

"ఏమిటి బాబూ?"

"లోపలికి సరుకు తెచ్చిన్రా, తీస్కపోనీకి ఒచ్చిన్రా?"

"మనిషి కోసం వచ్చాను."

ఆ జవాబుకు అతని రిజిస్టరులో గడి లేదు. షిఫ్ట్ వదిలేదాకా బయట కూర్చోమన్నాడు. వేపచెట్టు కింద కూర్చుని చూశాను. పెద్ద బండ్లు వెనక్కి వచ్చి షెడ్డుకు ఆనుకుంటాయి, అవి వెళ్ళగానే చిన్న బండ్లు వస్తాయి. పొట్ట నిండా డబ్బాలు వేసుకుని గల్లీలవైపు పరుగెత్తుతాయి. ఊరు మొత్తానికి కావలసింది అక్కడ దొరుకుతుంది గానీ ఆ గేటు దగ్గర ఒక్క టీకొట్టు లేదు.

మధ్యాహ్నం ఆడవాళ్ళు గుంపుగా బయటికి వచ్చారు. అందరికీ ఒకటే పసుపుపచ్చ కోటు. నేను మొహాలు వెతుకుతున్నాను, వాళ్ళలో ఒకామె నడక ఆపేసింది. జుట్టు నెరిసింది, చిక్కిపోయింది, మెడలో తాడుకు కార్డు వేలాడుతోంది.

"ఏందే! గిట్ల చెప్పకుండ ఒచ్చినవ్?"

"చెబితే డ్యూటీలో ఉన్నానంటావుగా."

యాదమ్మ నవ్వలేదు. నా చేతిలోని సంచి లాక్కుంది. బరువు ఎవరు మోయాలన్న దాని మీద పాతికేళ్ళ కిందట ఎలా పోట్లాడుకునేవాళ్ళమో అలాగే రోడ్డు మీద చెరో పిడీ పట్టుకుని కాసేపు లాక్కున్నాం. గార్డు చూస్తూ నిలబడ్డాడు. చివరికి చెరో పిడీ పట్టుకునే నడిచాం.

దారిలో తన పని గురించి చెప్పింది. "రిటర్న్‌లల్ల ఏసిన్రు నన్ను. ఒద్దని వాపస్ పంపిన సామాన్లు నా తానికే ఒస్తయి. ఇప్పి సూడాలె, సామాను ఉన్నదా లేదా. కొందరు మోసగాళ్ళు సామాను దీస్కొని ఉట్టి డబ్బ పంపుతరు. నేను సూడకుండ తీస్కుంటే నా మెడకే."

"రొయ్యల పొడి సంగతి అడుగుదామని వచ్చానే" అన్నాను ఇక ఉండబట్టలేక. "మాల రోజుల్లో పంపాను, కోపం వచ్చిందా?"

"గా పొడి సంగతా?" అప్పుడు నవ్వింది, నేను వెతుక్కుంటూ వచ్చిన నవ్వు. "మూత గూడ తియ్యకుండ పక్కకు వెట్టిన. మాల ఇడిసినంక ఒక్కనాడే సగం తినిండు మా ఆయన."

ఒక గది ఇల్లు

ఇల్లంటే ఒక గది, దానిలోనే పొయ్యి. నన్ను కూర్చోబెట్టి చకచకా జొన్నరొట్టెలు కొట్టింది. పచ్చిపులుసులో ఉల్లిపాయ చేత్తో నలిపింది. గుడ్లు పొరటు చేసింది. పీట మీద కూర్చుని నేను తింటుంటే తను తినకుండా చూస్తోంది. అప్పుడు కనబడింది క్యాను, దేవుడి పటం పక్కన గూట్లో. చింతపండుతో తోమి తోమి తళతళలాడుతోంది. ఏడాదిగా కదలని వస్తువు అంత మెరవడం నేనెప్పుడూ చూడలేదు.

"దాన్ని పంపలేదేమే?" అన్నాను.

యాదమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఏం వెట్టి పంపాలె?"

"ఏదో ఒకటి."

"ఏదో ఒకటా? నీకా?" గొంతు పెరిగింది. "పొద్దుగాల పోతే చీకటి పడ్డంక ఒస్తున్న. అప్పుడప్పుడే ఇయ్యాల్టి తీరుగ సగం దినం దొరుకుతది. సకినాలు సుట్టాలంటే రెండు దినాలు కూసోవాలె. దుకాణంల కొందామని పోయిన. సకినాలు అమ్మి బతికినదాన్ని, నీకు కొన్న సకినాలు పంపాల్నా? చెయ్యి రాలే. రేపు జేస్తా, ఎల్లుండి జేస్తా అనుకుంట ఉన్న. పండుగ పోయింది, ఎండకాలం పోయింది. గంత లేటయినంక ఫోన్ల ఏమని మాట్లాడాలె? మొఖం చెల్లలే."

"ఖాళీది పంపొచ్చు కదా!"

"ఉట్టి క్యాను ఎట్ల పంపుతనే? ఇంట్లకెళ్ళి ఉట్టి గిన్నె పోతదా ఎన్నడన్న?"

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే నోట్లోంచి మంచి మాట రాదు. "నాకు తిండి లేక నీ సకినాల కోసం ఎదురుచూశానా? బస్సు వచ్చినప్పుడల్లా డిక్కీలో తల పెట్టి వెతికాను. నువ్వు బతికున్నావో లేదో అన్న భయంతో ఫోన్ చేసేదాన్ని. గొంతు విని, బతికే ఉంది, నేనే అక్కర్లేదు అనుకునేదాన్ని. ఇన్నాళ్ళూ అదే అనుకున్నానే!"

యాదమ్మ చెంపల మీద నీళ్ళు తుడుచుకోకుండానే లేచి క్యాను తీసింది. డబ్బాలో చేయి పెట్టి పంచదార తీసి క్యాను దగ్గరికి తెచ్చింది. నేను క్యాను మూతి మీద అరచెయ్యి పెట్టేశాను.

"వద్దు. ఖాళీదే ఇవ్వు."

"అరిష్టమే సీతా. జిద్దు జెయ్యకు. జరంత ఎయ్యనియ్యి."

"అరిష్టమేదైనా వస్తే నా దగ్గరికి రానీ. చెయ్యి తియ్యను."

చాలాసేపు అలాగే ఉన్నాం. ఆమె గుప్పిట్లోంచి పంచదార నా చేతి మీద రాలుతోంది. చివరికి గుప్పెడూ డబ్బాలో పోసేసి, మూత పెట్టి, క్యాను నా వైపు నెట్టింది. నా మొహం చూడలేదు. నేను తెచ్చిన గోంగూర పచ్చడి, తాండ్ర సంచిలోంచి తీసి గట్టు మీద పెడుతుంటే కూడా తల ఎత్తలేదు. ఆటో ఎక్కేటప్పుడు పూలావిడ ఇచ్చిన మల్లెలు, వాడినా సరే, తన జడలో పెట్టాను. "పైలంగ పో" అంది, అంతే.

తిరుగు బస్సు, ఆ తర్వాత

ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కి క్యాను ఒళ్ళో పెట్టుకున్నాను. గెలిచినదానిలా ఉండాలి కదా, కానీ ఓడినదాన్లా ఉంది. నా పంతం కోసం ఆమె చేత తప్పు పని చేయించానా? ఇంట్లోంచి ఖాళీ గిన్నె పంపినందుకు రాత్రంతా నిద్రపోదేమో. కారణం తెలుసుకోవడానికి వెళ్ళాను, తెలుసుకున్నాను. యాదమ్మ మాత్రం ఇకనైనా ఫోన్ చేస్తుందో లేదో తెలియదు. చౌటుప్పల్ దగ్గర బస్సు ఆపితే అందరూ దిగి ఇడ్లీలు తిన్నారు. నేను దిగలేదు, క్యాను సీట్లో వదిలి వెళ్ళబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చాక క్యాను వంటగది గట్టు మీద పెట్టాను. ఆ ఏడాది మాగాయ బాగా కుదిరింది. జాడీ దించి గరిట తీశాను. మొదటి గరిట క్యాన్లో వేయబోతూ ఆగిపోయాను. నేను నింపి పంపితే ఏమవుతుంది? అక్కడ దిగుతుంది. యాదమ్మ దాన్ని తోమి, గూట్లో పెట్టి, మళ్ళీ సకినాలకు సెలవు వెతుక్కుంటుంది. దొరకదు. మళ్ళీ రేపు, మళ్ళీ ఎల్లుండి. నేను ప్రేమతో పంపాననుకున్న ప్రతి గరిటా ఆమె నెత్తిన బరువై కూర్చుంటుంది. జీవితమంతా ఊరివాళ్ళ బరువులు తూచినదాన్ని, ఈ ఒక్క బరువు నా బల్ల మీద ఎప్పుడూ తూచలేదు.

గరిట జాడీలోకి తిరిగి పెట్టేశాను. క్యాను ఖాళీగానే మూత బిగించి, గోనెగుడ్డ వేసి, దబ్బనంతో చుట్టూ కుట్టాను. ఎప్పటిలాగే రెండు వరసల కుట్టు. బడంగ్‌పేట చిరునామా రాశాను. బస్సు కండక్టరు ఎత్తి చూసి, "ఇందులో ఏమీ లేనట్టుందే అమ్మా?" అన్నాడు.

"లేదు. జాగ్రత్తగా దించు" అన్నాను.

మర్నాడు రాత్రి కౌంటర్లో రద్దీగా ఉన్నప్పుడు ఫోన్ మోగింది. యాదమ్మ. ఏడాది మీదట తనంతట తాను చేసిన మొదటి ఫోన్. ఎదురుగా నిలబడ్డ నలుగురినీ ఆగమని చెప్పి, వెనక్కి తిరిగాను.

"ఏందే, కుట్టంత ఇప్పినంక సూస్తే క్యాన్ల ఏం లేదు?"

"లేదు."

"ఉట్టిదే పంపినవా?"

"ఉట్టిదే."

ఇంత దూరం ఖాళీ డబ్బా వస్తే మోసమనే ఉద్యోగం ఆమెది. నేను ఫోను చెవికి ఇంకాస్త నొక్కుకున్నాను.

"సీతా" అంది ముక్కు చీదుకుంటూ. "రేపటి బస్సుకు నేను గూడ ఉట్టిదే పంపుతున్న. దించుకో."